మంచం పట్టిన మనిషిని చూసుకునేవారికి విశ్రాంతి: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

పక్షవాతం వచ్చిన మావగారు, మతిమరుపు జబ్బుతో ఉన్న అమ్మ, డయాలసిస్‌కు తిరుగుతున్న భర్త, ముప్ఫై ఏళ్లు వచ్చినా ఒంటరిగా వదల్లేని కొడుకు. ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో ఆ మంచం పక్కనే ఇంకో మనిషి కూడా కట్టుబడిపోయి ఉంటుంది. ఎక్కువగా కోడలు, భార్య, లేదంటే పెళ్లి కాని కూతురు. మగవాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నై పనులకు పోయిన ఇళ్లలో అయితే పగలూ రాత్రీ ఆ ఒక్కరే. ఆవిడ పుట్టింట్లో పెళ్లికి వెళ్లి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తుండదు. ఆవిడకి బీపీ ఉందన్న సంగతి కూడా ఒక్కోసారి ఆవిడ పడిపోయాకే తెలుస్తుంది.

విశ్రాంతి దానంతట అది దొరకదు. తేదీ అనుకుని, మనిషిని కుదుర్చుకుని, పని నేర్పించి ఏర్పాటు చేసుకోవాలి. అదీ ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే. చూసుకునే మనిషే మంచాన పడ్డాక చేసే ఏర్పాట్లన్నీ కంగారులో జరుగుతాయి, రోగికీ అవి మంచివి కావు.

మొదటి మెట్టు: మీకు ఎంత విశ్రాంతి కావాలో తేల్చుకోండి

విశ్రాంతి అనగానే నాలుగు రోజులు ఊరెళ్లడమే గుర్తొస్తుంది. నన్నడిగితే ముందు కావలసింది ఒక రాత్రి నిద్ర. రాత్రి పూట రెండు గంటలకోసారి లేచి పక్క తిప్పే మనిషికి, వారంలో ఒక్క రాత్రి వేరే గదిలో తలుపేసుకుని పడుకునే వీలుంటే అది చాలా పెద్ద సాయం. ఆ తర్వాత వారానికోసారి మూడు నాలుగు గంటలు: గుడికో, సంతకో, మన డాక్టరు దగ్గరకో. ఈ రెండూ కుదిరాకే రెండు మూడు రోజులు, వారం. ఈ వరుసలో వెళ్తే బదులు వచ్చే మనిషికీ పని అలవాటవుతుంది, రోగికీ కొత్త చెయ్యి అలవాటవుతుంది.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. మీ మాత్రలు మీరు మర్చిపోవడం, నడుం నొప్పితో మనిషిని లేపలేకపోవడం, పడుకున్నా నిద్ర రాకపోవడం, చిన్నదానికే ఏడుపు రావడం. అన్నిటికన్నా ముఖ్యమైనది, రోగి మీద చెయ్యి లేస్తుందేమో అన్నంత కోపం. అలాంటి కోపం వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవారు కారు. అలసట హద్దు దాటిందని అర్థం. ఆ రోజే ఎవరినైనా పిలవండి. మాట్లాడటానికి మనిషి లేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య లైను. తెలుగులో మాట్లాడతారు. రోగి గురించే కాదు, మీ గురించి కూడా అందులో చెప్పుకోవచ్చు.

రెండో మెట్టు: మీ తలలో ఉన్నదంతా పుస్తకంలో పెట్టండి

మొత్తం ఏర్పాటులో ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. "నేను లేకపోతే ఎవరికీ తెలీదు" అని ప్రతి ఇంట్లో వినే మాట నిజమే. ఆయనకి ఏ వైపు పడుకోబెడితే నొప్పి, ఆవిడ ఏ గ్లాసులో ఇస్తే తాగుతుంది, ఇవన్నీ మీ ఒక్కరికే తెలుసు. తెలిసింది కాగితం మీదకి వస్తేనే మీరు గడప దాటగలరు.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. రెండు మూడు రోజుల పాటు ఏ పని చేస్తే ఆ పని, చేసిన వెంటనే టైముతో రాయండి. తర్వాత తీరిగ్గా గుర్తు చేసుకుని రాస్తే సగం వదిలేస్తారు. మీరు రాయలేకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలకి చెప్పి రాయించండి. ఇలా ఉంటే చాలు:

"ఉదయం 6: మూత్రం బ్యాగు ఖాళీ చేయాలి. బ్యాగు ఎప్పుడూ మంచం కన్నా కిందే వేలాడాలి, పైకెత్తకూడదు. 6:30: ఎడమ పక్కకి తిప్పాలి. ఒక్కరే లాగొద్దు, ఒంటి కింద దుప్పటి పట్టుకుని ఇద్దరు చెరో వైపు లేపాలి. మడమలు, నడుం కింద ఎముక చూడాలి. ఎర్రగా ఉండి, ఒత్తిడి తీశాక కూడా ఎరుపు పోకపోతే నాకు ఫోన్ చేయాలి. 7: చోడి జావ. కూర్చోబెట్టాకే పట్టాలి, చిన్న చెంచాతో. పల్చటి నీళ్లకి పొలమారుతుంది, చిక్కటి జావకి పొలమారదు. తాగాక అరగంట వరకు పడుకోబెట్టొద్దు."

మాత్రల పేర్లు రాసినంత మాత్రాన సరిపోదు. ఖాళీ అయిన మాత్రల అట్ట ముక్క కత్తిరించి ఆ పేజీలోనే అంటించండి, పక్కన ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని రాయండి. చదవడం సరిగా రాని అత్త అయినా ఆ అట్టని చూసి పోల్చుకోగలదు.

జబ్బుని బట్టి "చేయకూడనివి" అని ఒక పేజీ ఎర్ర పెన్నుతో రాయండి. బదులు వచ్చేవారు ప్రేమతో చేసే పనులే ఒక్కోసారి ప్రమాదం తెస్తాయి.

డయాలసిస్ మనిషి విషయమే చూడండి. ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో, నీరసంగా ఉన్న మనిషికి ముందు బొండం కొట్టిస్తారు. కిడ్నీలు పనిచేయని మనిషికి కొబ్బరినీళ్లు విషంతో సమానం. వాటిలో పొటాషియం ఎక్కువ, అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. అరటిపండూ అంతే. రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం ఒక సీసా విడిగా పెట్టండి. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బీపీ చూడొద్దు, సూది గుచ్చొద్దు, ఆ చేత్తో బరువు ఎత్తించొద్దు అని రాయండి.

ఇన్సులిన్ తీసుకునేవారికి చెమటలు పట్టి, వణుకు వచ్చి, మాట తడబడితే షుగరు పడిపోయినట్టే అనుకోవాలి. స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు పట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి చేయాలి. ఫిట్స్ వచ్చేవారికి చేతిలో తాళాలు పెట్టడం మన దగ్గర ఇంకా పోలేదు. దానివల్ల ఏ ఉపయోగం లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108. ముక్కు గొట్టంతో తిండి పెట్టే ఇంట్లో, తల వైపు ఎత్తు పెట్టి నెమ్మదిగా పోయాలి, చివర్లో నీళ్లతో గొట్టం కడగాలి. గొట్టం ఊడి వస్తే తిరిగి తోయకూడదు, నర్సుని పిలవాలి.

మతిమరుపు ఉన్నవారి ఇంట్లో ఇంకో పేజీ కావాలి: ఆవిడ దేనికి భయపడుతుంది, ఏ పాట పెడితే శాంతిస్తుంది, సాయంత్రం "మా ఇంటికి పోతాను" అని బయల్దేరితే ఏం చెప్పాలి. అడ్డుపడి వాదించడం కన్నా "పదమ్మా, కాఫీ తాగి పోదాం" అంటే చాలాసార్లు సర్దుకుంటారు. పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసిన కార్డు జాకెట్టుకో చొక్కాకో పిన్నుతో పెట్టి ఉంచండి.

మూడో మెట్టు: బంధువులను అడగండి, వివరంగా అడగండి

"కాస్త సాయం చేయరాదూ" అంటే అందరూ "అలాగే" అంటారు, ఎవరూ రారు. రోజు, టైము, పని చెప్పి అడగాలి. "వదినా, వచ్చే ఆదివారం పొద్దున్న 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా అత్తయ్య దగ్గర కూర్చోగలవా? అన్నం నేను వండి పెట్టి వెళ్తాను, 11కి ఒక మాత్ర ఇవ్వాలి, అంతే." ఇలా అడిగితే కుదురుతుందో కుదరదో వెంటనే తేలిపోతుంది. కుదరకపోతే ఇంకొకరిని అడగొచ్చు.

దూరంగా ఉన్న అన్నదమ్ములతో మాట్లాడాల్సిన పద్ధతి వేరు. డబ్బు పంపుతున్నాం కదా అన్నది వాళ్ల మాట. డబ్బు అవసరమే, కానీ ఏడాదిలో వాళ్ల సెలవుల్లో ఒక వారం కూడా అడగాలి. అందుకు సంక్రాంతి కన్నా మంచి సమయం లేదు. హైదరాబాద్ నుంచి రైళ్లన్నీ నిండి అందరూ ఊరు చేరేది అప్పుడే. ఆ నాలుగు రోజులూ మామూలుగా ఏం జరుగుతుంది? పండక్కొచ్చిన పది మందికీ వంట, పైన మంచం మనిషి పని, రెండూ ఆ ఇంటి కోడలి మీదే పడతాయి. దీన్ని తిరగెయ్యాలి. పండక్కి నెల ముందే ఫోన్‌లో చెప్పండి: "బావగారూ, ఈసారి కనుమ మర్నాడు నుంచి నాలుగు రోజులు మావయ్యని మీరూ అక్కా చూసుకోవాలి, నేను మా అమ్మ దగ్గరకి వెళ్తాను." భోగి నుంచి కనుమ వరకు మీరు పక్కనే ఉండి పని చూపించండి, ఆ తర్వాత బయల్దేరండి. ఆ నాలుగు రోజులు చేసిన కొడుకు, తర్వాత ఫోన్‌లో మాట్లాడే తీరే మారుతుంది. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

మగవాళ్లని కూడా అడగండి. మావగారికి స్నానం చేయించడం కోడలి కన్నా కొడుక్కో మనవడికో తేలిక, ఆ పెద్దమనిషికీ సిగ్గు ఉండదు.

వాటా పంచుకోవడానికి అసలు ఎవరూ ముందుకు రాకపోతే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. పెద్దవారు ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకుంటే పిల్లల నుంచి నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు. ఆర్డీవో కార్యాలయాలు శ్రీకాకుళం, టెక్కలి, పలాసలో, ఇటు విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లిలో ఉన్నాయి. చుట్టరికం చెడే దారి కాబట్టి ఇది ఆఖరున వాడుకోవాలి. కానీ ఉందని తెలిసి ఉండటం మంచిది.

నాలుగో మెట్టు: జీతానికి మనిషిని పెట్టుకోవడం

రెండు దారులున్నాయి. ఊళ్లోనే ఆసుపత్రిలో ఆయాగానో వార్డు బాయ్‌గానో చేసిన మనిషి దొరకడం, లేదా విశాఖ, విజయనగరం లాంటి చోట నర్సింగ్ బ్యూరో నుంచి పిలిపించుకోవడం. నా మొగ్గు మొదటి దారికే. ఊరి మనిషికి మీ ఇల్లు తెలుసు, యాస తెలుసు, తర్వాత కూడా పిలవొచ్చు. ఆశా కార్యకర్తనీ, ఏఎన్ఎంనీ, డ్వాక్రా సంఘం లీడరునీ అడిగితే అలాంటి మనిషి గురించి వాళ్లకి తెలిసి ఉంటుంది.

బ్యూరో వాళ్లతో మాట్లాడేటప్పుడు ముందే తేల్చుకోవాల్సినవి: వచ్చే మనిషి ఇలాంటి రోగిని ఇదివరకు చూశారా, ముక్కు గొట్టం, మూత్రం గొట్టం (కాథెటర్) పని తెలుసా, 12 గంటలా 24 గంటలా, తిండి ఎవరిది, మధ్యలో మానేస్తే ఎన్ని గంటల్లో బదులు మనిషిని పంపుతారు, అడ్వాన్సు తిరిగి ఇస్తారా. నెలవారీ రేటుతో పోలిస్తే నాలుగైదు రోజులకి రోజు లెక్క ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడండి. ఆధార్ కాపీ తీసుకోండి. 24 గంటల మనిషి అంటే 24 గంటలూ మెలకువగా ఉండే మనిషి కాదు. వాళ్లకీ ఆరేడు గంటల నిద్ర ఉండాలి. రాత్రి పక్క తిప్పాల్సిన రోగి అయితే రాత్రికి ఇంట్లో ఇంకొకరు తప్పదు. నగలు, ఏటీఎం కార్డు, పిన్ నంబరు వాళ్ల చేతికి ఇవ్వొద్దు. రోజువారీ ఖర్చుకి కొంత నగదు పక్కింటివారి దగ్గర పెట్టడం మేలు.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. బదులు వచ్చేవారికి పని తేలికవుతుందని రోగికి నిద్రమాత్ర ఎక్కువ వేయించడం, గదిలో పెట్టి తాళం వేయడం, మంచానికి కట్టడం అస్సలు చేయకూడదు. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఐదో మెట్టు: ఇంటి బయట చోటు

వారం పది రోజులకు మాత్రమే మనిషిని చేర్చుకునే కేంద్రాలు మన వైపు అరుదు. అయినా అడగాల్సిన చోట్లు ఉన్నాయి.

వయోవృద్ధులకైతే 14567, ఎల్డర్ లైన్. వృద్ధాశ్రమాల వివరాలు చెబుతారు. ఆశ్రమానికి ఫోన్ చేసేటప్పుడు మొదటి ప్రశ్న: "మంచం మీద ఉన్న మనిషిని తీసుకుంటారా?" చాలా చోట్ల తమ పని తాము చేసుకోగలవారినే తీసుకుంటారు. తీసుకుంటామంటే ఒకసారి చెప్పకుండా వెళ్లి చూడండి. సాయంత్రం పూట వెళ్లండి, రాత్రికి ఎంతమంది ఉంటారో అప్పుడే తెలుస్తుంది. వాసన, మంచాల మధ్య ఖాళీ, బాత్రూంలో పట్టుకునే కడ్డీలు, దగ్గర్లో ఆసుపత్రి. అక్కడున్న పెద్దవాళ్ల గోళ్లు చూడండి. గోళ్లు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయంటే, ఎవరో ఒకరు ఆ మనిషి చెయ్యి పట్టుకుని కూర్చుంటున్నారన్నమాట.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్న పెద్ద పిల్లలకు, 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు పథకాలున్నాయి. ఉంచుకుని చూసుకునే 'సమర్థ్', 'ఘరౌందా' (ఇప్పుడు రెండూ కలిపి ఒకే వసతి పథకం), లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇచ్చే 'నిరామయ'. జిల్లా కేంద్రంలో విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లి, మనకు దగ్గరలో ట్రస్టులో నమోదైన సంస్థ ఏదో అడగండి. 18 ఏళ్లు దాటిన మనిషికి గార్డియన్‌ను నియమించే స్థానిక కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. తల్లిదండ్రులు పెద్దవారవుతుంటే ఆ అర్జీ కూడా అదే ప్రయాణంలో పెట్టేయండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే ముందు అది తీసుకోండి, ఏ పథకానికైనా అదే అడుగుతారు.

డయాలసిస్ కుటుంబాలకి వేరే లెక్క. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. రానూపోనూ కలిపి రోజంతా పోతుంది. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక ఉద్దానం వారికి కొంత దూరం తగ్గింది. కానీ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న నాలుగు గంటలు విశ్రాంతి కాదు. వారంలో ఒక్క సెషన్‌కైనా వేరొకరు తోడు వెళ్లేలా చూడండి. ఒకే ఊరు నుంచి ఇద్దరు ముగ్గురు రోగులు వెళ్తుంటే, వంతులవారీగా ఒకరే అందరికీ తోడు వెళ్లొచ్చు.

డబ్బు ఎక్కడినుంచి

2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛన్లు వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, డయాలసిస్ రోగులకు 10,000, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. మంచంలో ఉన్న మనిషికి ఇంకా వృద్ధాప్య పింఛనే వస్తుంటే, సచివాలయంలో అడిగి ఆ తేడా సంగతి తేల్చుకోండి. అందులో నెలకు కొంత, చిన్న మొత్తమైనా సరే, "బదులు మనిషి డబ్బు" అని విడిగా పెట్టండి. అది రోగి కోసం పెట్టే ఖర్చే. పింఛను ఇంటికొచ్చి ఇచ్చేది ఒకటో తేదీన, కాబట్టి మనిషిని వేరే చోటికి తీసుకెళ్లే ఏర్పాటు ఆ తేదీ దాటాక పెట్టుకోండి.

ఉద్యోగం చేసే కొడుకు దివ్యాంగులైన తల్లిదండ్రుల్ని పోషిస్తూ, పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే, 80డీడీ కింద 75,000, తీవ్ర వైకల్యానికి 1,25,000 మినహాయింపు ఉంది. మిగిలిన పన్ను డబ్బు ఆయా జీతానికి ఇమ్మని అడగండి.

ఎప్పుడు పెట్టుకోకూడదు

ఉడుపుల్లో, కోతల్లో ఊళ్లో ఎవరూ ఖాళీగా ఉండరు. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఎయిర్ బెడ్ మోటారు, ఆక్సిజన్ మిషన్ కరెంటు మీదే నడుస్తాయి. అలాంటి ఇంట్లో ఆ రెండు నెలలు కొత్త మనిషి మీద వదిలి వెళ్లకండి. పైడితల్లమ్మ సిరిమాను జాతర కూడా దసరా తర్వాతి మంగళవారమే కాబట్టి, జాతరకి వెళ్లాలనుకునే విజయనగరం వాళ్లు ఆ ఒక్క పూటకి మాత్రం ముందే మనిషిని మాట్లాడుకోండి.

ఆరో మెట్టు: రిహార్సల్

మొదటిరోజు మీరు చేస్తుంటే వాళ్లు చూడాలి. రెండోరోజు వాళ్లు చేస్తుంటే మీరు చూడాలి, నోరు మెదపకుండా. మూడోరోజు మీరు పక్కింట్లో కూర్చోవాలి. ఫోన్ ఎన్నిసార్లు మోగిందో, ఎందుకు మోగిందో చూసుకుని పుస్తకంలో ఆ పేజీ సరిచేయండి. దీని తర్వాతే బస్సెక్కండి.

రోగికి ముందే చెప్పండి. అర్థం కాదులే అని చెప్పకుండా వెళ్లిపోవద్దు. "మావయ్యా, బుధవారం వెళ్లి ఆదివారం పొద్దున్నకల్లా వచ్చేస్తాను, చిన్నబాబు మీ దగ్గరే ఉంటాడు" అని, క్యాలెండర్‌లో ఆ ఆదివారం చుట్టూ గీత గీసి మంచం ఎదురుగా తగిలించండి.

ఊళ్లో మాటలు తప్పవు. "ముసలాయన్ని వదిలేసి పుట్టింటికి పోయింది" అనేవారు ఉంటారు. వారిలో ఒక్కరైనా ఒక్క రాత్రి వచ్చి పక్క తిప్పారా? భర్త, అత్తగారు మీ తరఫున ఒక్క మాట అంటే ఆ నోళ్లు మూతపడతాయి. ఆ మాట వాళ్ల చేత ముందే ఒప్పించుకోండి: "మేమే పంపించాం."

వెళ్లాక, వచ్చాక

రోజుకి ఒక్కసారి, అనుకున్న టైముకే ఫోన్. అత్యవసరమైతే వాళ్లే చేస్తారు. దొరికిన రోజుల్ని ఇంటి బూజులు దులపడానికో రేషన్ కార్డు పనికో వాడొద్దు. ముందు నిద్రపొండి. మీ బీపీ, షుగరు, పన్ను నొప్పి, వాయిదా వేసిన కంటి పరీక్ష చూపించుకోండి.

తిరిగొచ్చాక రోగి ఒళ్లు ఒకసారి పూర్తిగా చూడండి, మాత్రలు లెక్కపెట్టండి, పుస్తకంలో వాళ్లు రాసింది చదవండి. దుప్పటి మడత మీలా పెట్టలేదనో జావ ఉప్పగా ఉందనో అనకండి. పుండు పడితే తప్ప దేనికీ తగువు పెట్టుకోవద్దు, ఆ మనిషి మళ్లీ రావాలి. వాళ్లు వెళ్లేలోపే తర్వాతి తేదీ అడిగి క్యాలెండర్ మీద రాయండి.

తలుపు వెనుక కాగితం

ఇది విశ్రాంతికి కాదు, మీకే ఒక్కసారిగా జ్వరమో ప్రమాదమో వస్తే పనికొచ్చేది. ఒక్క కాగితం మీద రోగి పేరు, వయసు, జబ్బులు, పడని మందులు, చూసే డాక్టరు, వెంటనే రాగల ఇద్దరి ఫోన్ నంబర్లు, 108, తాళం ఎవరింట్లో ఉందో, నోట్‌బుక్ ఎక్కడుందో పెద్ద అక్షరాలతో రాసి తలుపు లోపలి వైపు అంటించండి. ఆశా కార్యకర్త చేతిలో ఒక జిరాక్స్ పెట్టండి. 104 వాహనంతో డాక్టరు ఊరికి వచ్చిన రోజున మంచం మనిషిని ఇంటికొచ్చి చూడమని ఏఎన్ఎం ద్వారా అడిగి, మందుల చీటీ కొత్తది రాయించుకోండి. ఇంట్లో కనీసం రెండు వారాల మందులు ఎప్పుడూ ఉండాలి. మందు మారిన రోజే పాత అట్ట ముక్క పీకేసి కొత్తది అంటించండి.